కురపిక శృంఖల: నియమవిచారము

యోషిహిరో తొగాషి రచించిన 'హంటర్ హంటర్' అను జపాను చిత్రకథ 1998లో 'వీక్లీ షోనెన్ జంప్' పత్రికయందుఁ బ్రారంభమయ్యెను. అది 1999లోను, మరల 2011లోను అనిమేగా రూపొందెను. అందలి కురపిక యను యోధుని గొలుసులశక్తి యే సూత్రము ననుసరించి పనిచేయునో విచారింపఁదగియున్నది.

ఆ కథలో దేహమందలి తేజమును వశపఱచుకొను విద్యకు 'నెన్' అని పేరు. అది యాఱు విధములు. కురపిక వస్తుసృష్టివర్గమునకుఁ జెందినవాఁడు. అందు నూటికి నూఱుపాళ్ల సిద్ధి గల యతనికి బలవర్ధనమున 60 పాళ్లు, తేజోవిసర్జనమున 40 పాళ్లు మాత్రమే సాధ్యము. అట్టివాఁడు బలవర్ధనమున మేటియగు ఉవోగిన్‌ను బంధించుట యెట్లు పొసఁగునని పూర్వపక్షము.

దీనికి సమాధానములు రెండు. కన్నులు రక్తవర్ణము దాల్చినపుడు కురపికకు వర్గములన్నియుఁ బూర్ణసిద్ధితో లభించును. ఇది యొకటి. రెండవది ప్రతిజ్ఞ. తన కుర్త వంశమును నిర్మూలించిన 'గెన్ఎయి ర్యోదన్' ముఠావారిపైఁ దప్ప నడిమివ్రేలి గొలుసును బ్రయోగింపననియు, ప్రయోగించినచోఁ దన ప్రాణము పోవుననియు నతఁడు తన హృదయమందే యొక కత్తిని నిలుపుకొనెను. ఆ గొలుసు చిక్కినవాని తేజమును స్తంభింపఁజేయును.

సామాన్యవిధిచే సిద్ధించిన కార్యమునే విశేషస్థలమున మరల విధించి, యితరస్థలములనుండి దానిని దొలఁగించుట వ్యాకరణమున నియమ మనఁబడును. ఎవరినైనను బంధింపఁగల గొలుసు ముఠావారినే బంధించుననుట యట్టిదే. కాని శాస్త్రమున నియమము కార్యక్షేత్రమును సంకోచింపఁజేయునే కాని కార్యమునకు బలమీయదు. తొగాషి కథలో విడిచిన దెంతయో వచ్చు బలమంత. హిరణ్యకశిపుఁడు కోరిన నిబంధనలు తన్ను రక్షించుకొనుటకు. కురపిక పెట్టుకొన్నది తప్పినచోఁ దన్నే చంపునది. కావున నిది వరము గాదు, వ్రతము.

రక్తనేత్రస్థితిలో గడచు ప్రతి సెకండునకు ఆయువున నొక గంట క్షయించునని కథ చాల నడచినపిదపఁ దెలియవచ్చును. ఒక గంట ప్రయోగమునకు మూల్యము 150 దినములు! త్యాగము చొప్పున బలమను పూర్వసూత్రమునకు ఇది విరుద్ధము గాదు. అయినను ఉవోగిన్ యుద్ధమునాఁటికే యీ మూల్యము సూచితమై యుండినచో రసము మఱింత గాఢమయ్యెడిది. ఇది కవియందలి కొఱఁత.

చిటికెనవ్రేలి గొలుసు పరుల హృదయమునఁ గత్తి నిలిపి నిబంధన విధించును. తోడివారి జాడ చెప్పుమన్నను చెప్పక ఉవోగిన్ మడిసెను. కురపికనుగూర్చి తెలుపరాదన్నను పకునోద తన స్మృతులను సహచరుల కిచ్చి ప్రాణము విడిచెను. ఈ రెండుచోట్లను గొలుసు తప్పక పనిచేసినది. కురపిక కోరినది మాత్రము నెఱవేఱలేదు. తాను పూనిన నియమము బలమిచ్చెను. పరులపై మోపిన నియమము ప్రాణము తీసెనే కాని మనస్సును లొంగదీయలేదు. ఈ భేదమును యుద్ధక్రియలోనే చూపుట తొగాషి ప్రతిభకు నిదర్శనము.