ప్యాకెట్ మీది శుక్రుడు

2019 అక్టోబరులో ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థ తన 'ఆల్వేస్' శానిటరీ ప్యాడ్ల పైకాగితం మీదనుంచి ఒక చిన్న గుర్తును తీసివేస్తున్నట్టు తెలిపింది. వృత్తం, దాని కింద చిన్న శిలువ: స్త్రీని సూచించడానికి వాడే వీనస్ గుర్తు అది. నెలసరి వచ్చేవారందరూ స్త్రీలు కారనీ, ట్రాన్స్ పురుషులూ, స్త్రీ పురుష విభజనలో ఇమడనివారూ ఈ ప్యాడ్లను వాడతారనీ, ఆ గుర్తు వారిని ప్రతినెలా బాధిస్తుందనీ కొందరు యువ కార్యకర్తలు అంతకుముందే సంస్థకు విన్నవించారు. సంస్థ సమ్మతించింది. ఆ వార్త వెలువడగానే ట్విటర్‌లో 'ఆల్వేస్‌ను బహిష్కరించండి' అన్న నినాదం చెలరేగింది. (బహిష్కరణ, బహిష్టు: రెండింటికీ మూలం 'వెలుపల' అన్న అర్థమిచ్చే ఒకే సంస్కృత పదం. ఈ వివాదాన్ని తెలుగులో చెప్పుకుంటున్నవారికి ఆ పోలిక కంటబడకుండా పోదు.)

ఆగ్రహించినవారు ఒకే తీరువారు కారు. ట్రాన్స్ మనుషుల ఉనికినే అంగీకరించని సంప్రదాయవాదులు కొందరు. ఏ సిద్ధాంతమూ పట్టని, వాడుకగా ఆ సరుకు కొనే గృహిణులు కొందరు. జూలీ బిండెల్ వంటి బ్రిటిష్ స్త్రీవాదులు మరికొందరు. ఈ చివరివారి వాదనలో తీసిపారేయలేని అంశం ఒకటుంది. స్త్రీలు ఈ స్రావం పేరుతో శతాబ్దాలపాటు అవమానం పొందారు. తీరా దాన్ని నలుగురిలో మాట్లాడుకునే రోజు వచ్చేసరికి 'స్త్రీ' అన్న మాటే అక్కడనుంచి తొలగిపోవాలా అన్నది వారి ప్రశ్న. పైగా ఇదే ఆల్వేస్ 2014లో 'లైక్ ఎ గర్ల్' అన్న ప్రచారంతో ఆడపిల్లల ఆత్మగౌరవానికి తానే అండగా నిలిచినట్టు చాటుకుంది. అయిదేళ్ళ కిందట ఆడపిల్ల పేరు చెప్పి అమ్మిన సంస్థ ఇప్పుడు ఆడగుర్తును చెరిపితే, కొనేవారికి ఏదో చేజారిన భావం కలగడం సహజమే.

కానీ ఈ కోపం వెనుక ఒక ఊహ ఉంది. ప్యాకెట్ మీది గుర్తు ఇంతకాలమూ స్త్రీ పక్షాన నిలబడిందన్నది ఆ ఊహ. ఈ వ్యాపారపు చరిత్ర అందుకు సాక్ష్యమివ్వదు. మొదటి ప్రపంచయుద్ధంలో గాయాలకు కట్టిన దూదిలాంటి పదార్థంతో 1920లో కోటెక్స్ ప్యాడ్లు వచ్చాయి. అమ్మకపు బల్ల మీద ప్యాడ్ల పెట్టె, పక్కన డబ్బుల పెట్టె ఉంచడం అప్పట్లో కనిపెట్టిన ఉపాయం. డబ్బు వేసి సరుకు తీసుకోవచ్చు, గుమాస్తాతో ఒక్క మాటయినా పలకనక్కరలేదు. 1928లో మోడెస్ సంస్థ పత్రికా ప్రకటనల్లో 'నిశ్శబ్ద కొనుగోలు' చీటీ అచ్చువేసింది. కత్తిరించి మౌనంగా దుకాణదారు చేతికిస్తే చాలు. అమెరికా టెలివిజన్ ప్రకటనలో 'పీరియడ్' అన్న మాట తొలిసారి వినబడింది 1985లో, కోర్ట్నీ కాక్స్ అనే యువనటి నోట. ప్రకటనల్లో రక్తానికి బదులు నీలిరంగు ద్రవం ఒలికించే అలవాటును బ్రిటన్‌లో బాడీఫామ్ సంస్థ విడిచిపెట్టడానికి 2017 దాకా పట్టింది. అంటే దాదాపు నూరేళ్ళపాటు వీరంతా సరుకుతోపాటు మౌనాన్నీ అమ్మారు. ఒక గుర్తును తుడిచివేయడం వారికి కొత్త విద్య కాదు, పెద్ద ఖర్చూ కాదు.

ఖర్చయ్యే సంగతి వేరే ఉంది. వివాదం రగిలిన ఆ అక్టోబరులోనే న్యూయార్క్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. ప్యాడ్లలో, టాంపన్లలో ఏయే పదార్థాలున్నాయో ప్యాకెట్ మీద ముద్రించి తీరాలన్నది దాని సారాంశం. అమెరికాలో అలాంటి చట్టం అదే మొదటిది. అంతదాకా శరీరానికి అన్ని గంటలు అంటిపెట్టుకుని ఉండే వస్తువులో ఏముందో చెప్పవలసిన బాధ్యత అక్కడ లేదన్నమాట. ఈ చట్టం మీద ఏ నినాదమూ మారుమోగలేదు. పైకాగితం మీద ఏ బొమ్మ ఉండాలన్న దాని గురించి ఖండాంతరాల్లో వాదులాడుకున్నవారు, లోపల ఏముందన్న దాన్ని మూడోపేజీ వార్తగా వదిలేశారు.

నేనుంటున్న బురైమీ ఒమాన్ సరిహద్దు పట్టణం. దాటితే ఎమిరేట్స్‌లోని అల్ ఐన్. ఇక్కడి సూపర్‌మార్కెట్ అరల్లో ఆల్వేస్ ప్యాకెట్ అరబ్బీ అక్షరాలతో, చంటిపిల్లల డయపర్ల పక్కన కనబడుతుంది. గోదావరి జిల్లాలనుంచి, కడపనుంచి ఇళ్ళల్లో పనికి గల్ఫ్ దేశాలకు వచ్చే స్త్రీలకు ఆ పేరు కొత్త. ఇదే సంస్థ భారతదేశంలో ప్యాడ్లు అమ్మేది 'విస్పర్' పేరుతో. విస్పర్ అంటే గుసగుస. ఒకే కార్ఖానాదారు ఒకచోట 'ఎల్లప్పుడూ' అంటాడు, మరోచోట చెవిలో చెప్పమంటాడు. మందుల దుకాణంలో దాన్ని పాత న్యూస్‌పేపరులోనో నల్లకవరులోనో చుట్టి ఇవ్వడం చూస్తూ పెరిగిన మనకు ఆ పేరు వింతగా తోచలేదు. అంత అందంగా అతికింది.

వీనస్ గుర్తు మాత్రం మనకు అంతగా అతకదు. రసవాదులు రాగికీ, జ్యోతిష్కులు గ్రహానికీ వాడిన ఆ చిహ్నాన్ని మొక్కల్లో ఆడజాతిని సూచించడానికి వాడి శాస్త్రంలోకి తెచ్చినవాడు 18వ శతాబ్దపు స్వీడిష్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్. రోమనుల వీనస్ దేవత. అరబ్బీలో ఆ గ్రహం పేరు అజ్జుహరా, అదీ స్త్రీలింగమే. మన శుక్రుడు? గడ్డం పెంచిన రాక్షసగురువు. ఆయన పేరుతో ఉన్న ధాతువు పురుషుడిది. ప్యాకెట్ మీద శుక్రగ్రహ చిహ్నం ఉందా లేదా అని పశ్చిమంలో స్త్రీలు పోట్లాడుకోవడం మన పంచాంగకర్తలకు చెబితే కాసేపు అయోమయపడతారు. చిహ్నం సహజం కాదనీ, ఒప్పందమనీ గ్రహించడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

ఇక మాటలు. 'పీపుల్ హూ మెన్‌స్ట్రుయేట్' అన్న పదబంధాన్ని 2020 జూన్‌లో జె.కె. రోలింగ్ ఎగతాళి చేసినప్పుడు ఇంగ్లిషులో రేగిన దుమారం తెలుగులో రేగే వీలు తక్కువ. 'నెలసరి వచ్చేవారు' అంటే మన చెవికి ఏ లోటూ తోచదు. మానవ బహువచనంలో తెలుగు ఆడ మగ తేడా చూపదు. ఏకవచనంలోనే స్త్రీని క్రియ దగ్గర పశుపక్ష్యాదుల సరసన నిలబెడుతుంది: ఆమె వచ్చింది, ఆవు వచ్చింది. చిన్నయసూరి మహత్తు, మహతి, అమహత్తు అని విడదీసి చూపిన వ్యవస్థ ఇదే. మన నుడికారం ఇంకా ముందుకు పోయింది. పిల్ల రజస్వల అయితే 'పెద్దమనిషి అయింది' అంటాం. నెలసరి వచ్చినది మనిషి! లింగం ఊసే లేదు. ముట్టు, అంటు, మైల, దూరం, బయట చేరడం: వీటిలో వేటిలోనూ స్త్రీ లేదు, రక్తమూ లేదు.

ఇంత తటస్థమైన పదజాలం ఎవరినైనా కలుపుకుందా? ఆ మనిషిని వసారాలో చాప మీద కూర్చోబెట్టింది. ఊరగాయ జాడీ ముట్టనివ్వలేదు. 2014లో విస్పర్ భారతదేశంలో నడిపిన 'టచ్ ద పికిల్' ప్రచారం ఈ జాడీ మీదే. మరుసటి ఏడు కాన్ ప్రకటనల ఉత్సవంలో దానికి గ్లాస్ విభాగంలో అత్యున్నత బహుమతి దక్కింది. నాకు ఆ ప్రచారం నచ్చింది, జాడీ అన్నమాట పైకి అన్నందుకు. లింగం పలకని మాట దానంతటదే సమ్మిళితం కాదన్న సంగతి తెలుగువారికి అనుభవపూర్వకంగా తెలుసు. మన దగ్గర అది దాచిపెట్టే పనిముట్టుగానే ఎక్కువ కాలం బతికింది. బిండెల్ వంటివారి భయంలో నాకు నిజమనిపించే భాగం ఇదే.

వారి వాదన రెండోభాగంతో మాత్రం ఏకీభవించలేను. 2020లో టాంపాక్స్ (అదీ ప్రాక్టర్ అండ్ గాంబుల్‌దే) స్త్రీలందరికీ నెలసరి రాదనీ, నెలసరి వచ్చేవారందరూ స్త్రీలు కారనీ ఒక ట్వీట్ చేసింది. మళ్ళీ అదే ఆగ్రహం. రెండో వాక్యం సంగతి అటుంచి, మొదటి వాక్యాన్ని తెలుగు రాష్ట్రాలనుంచి చదవాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భాశయం తొలగించినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలోకెల్లా ఎక్కువ మనదే. తెల్లబట్టకో, కడుపునొప్పికో వెళ్ళినవారికి కేన్సర్ భయం చూపి చేసిన ఆపరేషన్లు వీటిలో ఉన్నాయి. పిల్లలు పుట్టాక ఆ సంచితో పనేముందన్న మాట ఉంది, కూలిదినాలు పోగొట్టే ముట్టు వదిలితే చాలన్న విసుగూ ఉంది. నలభై దాటకుండానే నెలసరి ఆగిపోయిన ఈ తల్లులు, అక్కలు స్త్రీలు కారా? స్త్రీత్వాన్ని నెలసరితో ముడివేసే నినాదం పొలంలో పనిచేసే ఆ స్త్రీని కూడా వెలుపలే నిలబెడుతుంది. ట్రాన్స్ మనుషులను వెళ్ళగొట్టడానికి గీసిన గీత మన ఇంటి మధ్యగా పోతోంది.

భారతదేశంలో ఈ ప్రశ్న వచ్చిన తీరు మరొకటి. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో తన లింగమేమిటో తానే చెప్పుకునే హక్కును గుర్తించింది. ఆల్వేస్ గొడవ చల్లారకముందే, 2019 నవంబరులో, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల బిల్లు పార్లమెంటు ఆమోదం పొందింది. అయినా 2023 డిసెంబరులో రాజ్యసభలో నెలసరి విధానం మీద చర్చ వచ్చి, అందులో లైంగిక మైనారిటీల స్థానమేమిటని అడిగినప్పుడు నాటి మంత్రి స్మృతి ఇరానీ స్పందన తర్వాత ఒక ఇంటర్వ్యూలో బయటపడింది. గర్భాశయం లేని స్వలింగ ప్రియుడైన పురుషుడికి నెలసరి ఎక్కడిదని ఆమె ఎదురు ప్రశ్నించారు. నిజమే, అతనికి ఉండదు. గర్భాశయం ఉన్న ట్రాన్స్ పురుషుడు ఆ జవాబులో ఎక్కడా లేడు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో మొదలైన 'స్వేచ్ఛ' పథకం ప్రభుత్వ పాఠశాలల్లో చదివే బాలికలకు నెలకు పది నాప్కిన్ల చొప్పున ఇచ్చింది. మంచి పథకం. అందులో అతను చేయి చాచాలంటే బాలికల వరసలోనే నిలబడాలి. వీనస్ గుర్తు తీసేయమని అడిగిన యువకుల మాట అర్థంకాలేదనేవారు ఆ వరసను ఊహించుకోవచ్చు.

ఇంతకీ తెలుగులో రాసేవారు ఏ మాట వాడాలి? నా మట్టుకు ఒక ఏర్పాటు చేసుకున్నాను. వంటింట్లోంచి, గుడిలోంచి ఎవరిని వెలివేశారో చెప్పేచోట 'స్త్రీలు' అనే రాస్తాను. అక్కడ వెలివేసింది స్త్రీ అనే కాబట్టి, ఆ మాట చెరిపితే నేరమూ చెరుగుతుంది. ఆసుపత్రి కరపత్రంలోనో, సరుకు మీది సూచనల్లోనో అయితే 'నెలసరి వచ్చేవారు' చాలు, ఎవరి నోటికీ చేదు కాదు. ప్యాకెట్ మీద బొమ్మ ఉన్నా లేకపోయినా నాకు ఒకటే. మిగిలిన ఆ జాగాలో లోపలి పదార్థాల పట్టికను, తెలుగు ఊళ్ళల్లో అమ్మేదయితే తెలుగులోనే, ముసలికళ్ళకు ఆనేంత అక్షరాలతో అచ్చువేయమంటాను.