అడ్డొచ్చిన రెమ్మ

ఒక వేసవిలో మా డాబా మీది సన్నజాజి తీగలో పిగిలిపిట్ట గూడు పెట్టింది. మూడు గుడ్లు, గులాబి ఛాయ మీద ఎర్రటి మచ్చలు. నా చేతిలో కొత్త కెమెరా. ఒక్క రెమ్మ అడ్డం వస్తోంది. దాన్ని వంచి దారంతో పక్కకి కట్టేశాను. ఫొటో అద్దంలా వచ్చింది. సాయంత్రానికి గూడు ఖాళీ. పిట్టగోడ మీద కాకి ముక్కు రాసుకుంటోంది. లెన్సుకి అడ్డొచ్చిన రెమ్మే ఆ గూటికి తలుపు. తీసిపెట్టింది నేనే.

కొన్నేళ్ల తర్వాత శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరున్న తేలినీలాపురం వెళ్లాను. అక్కడి చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పిల్లల్ని పెడతాయి. సైబీరియా పక్షులని చాలామంది అంటారుగానీ, మన గూడబాతు దక్షిణాసియాదే. ఊరివాళ్లకు మాత్రం అది పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచు.

బాలింత గదిలోకి కెమెరా పట్టుకుని ఎవరైనా తొంగిచూస్తారా? నాకు ఆ ఒక్క మాట చాలింది. ఈకలు రాని పిల్లలకు మిట్టమధ్యాహ్నం తల్లి రెక్కే గొడుగు. మన అలికిడికి ఆ తల్లి లేచిపోతే, ఎండకీ కాకికీ రెండు నిమిషాలు చాలు.

ఇప్పుడు ఎక్కువగా హైదరాబాద్ శివారు అమీన్‌పూర్ చెరువుకే వెళ్తున్నాను. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చుట్టూ అపార్ట్‌మెంట్లే. తెల్లారకముందే గట్టు మీద కూర్చుంటాను. మొదటి అరగంట కెమెరా సంచిలోనే. పక్షి మేత మాని మెడ నిక్కించి నావైపే చూస్తుంటే, హద్దు దాటినట్టే. మెల్లగా వెనక్కి జరుగుతాను. ఫోన్లో కూత వినిపించి పిలవను. లేని పగవాడితో పోట్లాటకి అది పని మానుకుని వస్తుంది. గూడు కనబడితే, ఎక్కడుందో ఎవరికీ చెప్పను. నా జూమ్ అందినంతే. ఫొటోలో పక్షి చిన్నగానే పడుతుంది, వెనక మేడలు పెద్దగా పడతాయి. దాని అసలు చిరునామా అదే కదా!

మీ బాల్కనీ కుండీలో పిట్ట గూడు పెడితే కుండీ కదపకండి, ఆకు తుంచకండి. కిటికీ లోపలి నుంచే చూడండి. పిగిలిపిట్టయితే నెల్లాళ్ల ఓపిక చాలు. పిల్లలు ఎగిరిపోయాక, ఆ ఖాళీ గూటి ఫొటో ఎంత దగ్గరికెళ్లి తీసుకుంటారో తీసుకోండి.