వర్గ సమీకరణముల పాఠములో కారణాంకముల స్థానము

ఉన్నత పాఠశాల బీజగణితములో వర్గ సమీకరణముల అధ్యాయము సాధారణముగా కారణాంక పద్ధతితో మొదలగును. మధ్యపదమును రెండుగా విడదీసి, సమాసమును రెండు కారణాంకముల లబ్ధముగా వ్రాసి, సమాధానము రాబట్టుట అందు నేర్పుదురు. పద్ధతి చక్కనిదే, చేతికి వచ్చినచో లెక్క త్వరగా తెమలును. కాని బోధించు తీరులో మూడు లోపములు తరచుగా కనబడుచున్నవి.

మొదటిది, కారణము చెప్పకపోవుట. తెలియని రాశిని య అనుకొని, 6య² + 7య + 2 అను సమాసమును తీసికొందము. 6ను 2చే గుణించి, లబ్ధము 12, మొత్తము 7 అగు రెండు సంఖ్యలను వెదకుమని పాఠము చెప్పును. 6ను 2చే ఏల గుణించవలెను? (2య + 1)(3య + 2)ను గుణించి చూచినచో మధ్యపదము 4య + 3య అగును. 4 అనునది 2×2 వలనను, 3 అనునది 1×3 వలనను వచ్చినవి. మొదటి పదములోని 6 అనునది 2×3. చివరి 2 అనునది 1×2. రెండు జతలలోను ఉన్నవి అవే నాలుగు సంఖ్యలు. కనుక లబ్ధములు సమానము కాక తప్పదు. ఈ చిన్న వివరణ లేనిచో బీజగణితము గారడీగా తోచును.

రెండవది, సున్న ప్రాముఖ్యమును ఒత్తి చెప్పకపోవుట. లబ్ధము సున్న అయినపుడే, కారణాంకములలో ఒకటైనను సున్న కావలెనని చెప్పగలము. ఇది మనసున నాటనిచో, (య − 2)(య − 3) = 6 అని ఇచ్చినపుడు ఒక్కొక్క కారణాంకమును 6కు సమానము చేసి, 8, 9 అని తప్పు సమాధానములు వ్రాయు ప్రమాదము కలదు. సరియైనవి 0, 5.

మూడవది అన్నిటికంటె పెద్దది. అభ్యాసములోని లెక్కలు కారణాంకములు వచ్చునట్లు ఏరి కూర్చినవి. య² గుణకమును 1గా ఉంచి, య గుణకమునకును స్థిరపదమునకును 1 నుండి 10 వరకు గల సంఖ్యలను వేసినచో 100 సమాసములు వచ్చును. వానిలో పూర్ణసంఖ్యలతో కారణాంకములుగా విడిపోవునవి 14 మాత్రమే! తక్కిన 86 ఎన్నడును చూడని విద్యార్థి, అట్టిది ఎదురైనపుడు లోపము తన తెలివిలో ఉన్నదని కుంగిపోవును.

చరిత్రలో వరుస వేరు. బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే వర్గ సమీకరణ సాధనకు సూత్రము చెప్పెను. వర్గమును పూర్తిచేయు శ్రీధరుని విధానమును భాస్కరాచార్యుడు 12వ శతాబ్దిలో ఉదాహరించెను. సమీకరణమును కారణాంకముల లబ్ధముగా చూచు దృష్టి, థామస్ హారియట్ మరణానంతరము 1631లో ప్రకటితమైన గ్రంథములో స్పష్టముగా కనబడును.

ఈ రెండు దృష్టులను కలుపు మార్గము ఒకటి కలదు. య² − 8య + 15 = 0 అను సమీకరణ మూలముల మొత్తము 8; సగటు 4. మూలములను 4 − ద, 4 + ద అనుకొన్నచో 16 − ద² = 15; ద = 1; మూలములు 3, 5. స్థిరపదము 13 అయినచో ద² = 3; మూలములు 4 − √3, 4 + √3. దారి మారలేదు. మొత్తమును సగము చేయు ఈ ఉపాయము ప్రాచీన బాబిలోనియా ఫలకములలో కలదు. 2019లో పో-షెన్ లో అను గణితాచార్యుడు దీనిని తరగతి గదికి అనువుగా ప్రచారము చేసెను.

కారణాంక పద్ధతిని విడువ పనిలేదు. గుణకములు పూర్ణసంఖ్యలైనపుడు ముందుగా విచక్షణిని చూడవలెను. అది పూర్ణసంఖ్య యొక్క వర్గమైనచో కారణాంకములు దొరకును. కానిచో వెదకుట వృథా. ఈ తేడాను తెలిపిన పాఠమే విద్యార్థికి ధైర్యము నిచ్చును.