ఈస్టుకు రాత్రి లేదు

రెండు వారాలకోసారి, ఆదివారం పొద్దున, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా కడిగి పెట్టుకుంటాను. రెండు కప్పుల పంచదార, పావు చెంచా ఈస్టు, పైన జానెడులో సగం ఖాళీ ఉండేలా గోరువెచ్చని నీళ్లు. మూతకున్న బెజ్జంలోంచి సన్నని గొట్టం ముందు నీళ్లున్న చిన్న సీసాలోకి, అక్కడినుంచి అక్వేరియంలోకి వెళ్తుంది. నురుగు పొంగినా ఆ చిన్న సీసాలోనే ఆగిపోతుంది. తొట్టినీళ్లు వెనక్కి రాకుండా దారిలో ఒక వాల్వు.

కల్లుకుండలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. ఈస్టు పంచదార తిని ఆల్కహాలునీ, బొగ్గుపులుసు వాయువునీ వదులుతుంది. ఆ ఆల్కహాలు పెరిగేకొద్దీ తానే నీరసించి, రెండు మూడు వారాల్లో ఆగిపోతుంది.

తొట్టిలోని మొక్కలకు ఆ వాయువు తిండి. గాలి సోకే మామూలు నీటిలో అది లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా కరిగి ఉండదు. పైగా గాలిలో కంటే నీటిలో దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా పాకుతుంది. దీపం ఎంత పెంచినా ఈ తిండి అందకపోతే మొక్క ఎదగదు, పాచి ఎదుగుతుంది. అందితే మధ్యాహ్నానికి ఆకుల అంచున ప్రాణవాయువు ముత్యాల్లా మెరుస్తుంది. ఆ మెరుపు కోసమే నాకీ పని ఇష్టం.

ఒక మే నెలలో ఈస్టు చెంచాడు వేశాను. ఎండకు సీసా ఉరకలెత్తింది. తెల్లవారేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. గబగబా సగం నీళ్లు మార్చి గాలిపంపు పెట్టాను. రెండు చేపలు దక్కలేదు.

చీకటి పడితే మొక్కలు బొగ్గుపులుసు వాయువును తీసుకోవడం మానేస్తాయి. చేపల్లాగే అవీ ప్రాణవాయువు పీల్చుకుంటాయి. బొగ్గుపులుసు వాయువు సిలిండరైతే రాత్రికి కట్టేయొచ్చు. ఈస్టుకు రాత్రి లేదు, అది వదులుతూనే ఉంటుంది. అందుకే ఇప్పుడు తొట్టిలో రంగునీళ్ల గాజుబుడ్డి వేలాడుతోంది. నీలమైతే వాయువు చాలనట్టు, ఆకుపచ్చైతే సరిపోయినట్టు, పసుపైతే చేపలకు ప్రమాదం.

ఖర్చు తక్కువని ఈ పద్ధతి మొదలుపెట్టాను. డబ్బుకు బదులు ఇది నన్ను కనిపెట్టుకుని ఉండమని అడిగింది. రాత్రి పదికి దీపం ఆర్పి, గాలిపంపు వేసి, ఆ బుడ్డి రంగు ఒకసారి చూశాకే పడుకుంటాను.