విలువ అడగండి, చెప్తాను

బ్యాంకు ప్యానల్‌లో ఉన్న వాల్యుయర్‌కి సాయంత్రం పూట మేనేజర్ ఫోన్ వచ్చిందంటే రిపోర్టులో ఏదో తక్కువైందన్నమాటే. మొన్న ఒకాయన చేశారు.

"ఇంజనీరుగారూ, అంతా బాగుందండీ. చివర్లో 'టైటిల్ క్లియర్, వేరే అప్పులేం లేవు' అని ఒక్క లైను వేసేయండి."

"లాయరుగారి లీగల్ ఒపీనియన్ ఉంది కదండీ?"

"ఉందనుకోండి. మీరూ రాస్తే ఫైలు గట్టిగా ఉంటుంది."

ఫైలు ఎవరి కోసం గట్టిగా ఉంటుందో నాకు తెలుసు. రేపు ఆ అప్పు మొండిబకాయి అయితే విజిలెన్స్ వాళ్ళు ముందు తిరగేసేది నా స్టాంపున్న పేజీనే.

నా పని ఏమిటంటే, దస్తావేజులో రాసిన నాలుగు హద్దులు నేలమీద ఉన్నాయో లేవో చూడటం. కాగితంలో తూర్పున 30 అడుగుల రోడ్డు ఉంటుంది, టేపు పెడితే 22 వస్తుంది. ప్లాన్‌లో రెండంతస్తులు, పైకెక్కితే రేకుల పెంట్‌హౌస్. సన్‌షేడ్ కింద పెచ్చులూడి తుప్పు పట్టిన ఊచలు కనిపిస్తే బిల్డింగు వయసు ఓనరు చెప్పినంత కాదని అర్థమవుతుంది. ఆ వీధిలో నిజంగా ఎంతకు అమ్ముడవుతోంది, రిజిస్ట్రేషన్ ఆఫీసు రేటెంత, తొందరపడి అమ్మాల్సి వస్తే ఎంతొస్తుంది, వీటికి నేను జవాబుదారీని.

కానీ బ్యాంకు రిపోర్టు ఫార్మాట్లు అక్కడ ఆగవు. ఓనరు ఇంకెవరికైనా హామీ ఉన్నాడా అని ఒక గడి. గోడ కొలిస్తే అది తెలుస్తుందా? ఇంకో తాకట్టు ఉందేమో చూడటానికి 2011 నుంచి సెర్సాయ్ అనే కేంద్ర తాకట్టుల రిజిస్ట్రీ ఉంది, బ్యాంకు వెతుక్కోవచ్చు. కోర్టుకెళ్ళకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కిందికి ఈ ఆస్తి వస్తుందా అని మరో గడి. ఆ చట్టంలోని 31వ సెక్షన్ వ్యవసాయ భూమిని మినహాయించింది. పొలంలో వరి ఉందో షెడ్డు ఉందో నేను చెప్తాను. చట్టం వర్తిస్తుందో లేదో లాయరు చెప్పాలి.

హైదరాబాద్‌లో 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక "ఎఫ్‌టీఎల్‌లో లేదని రాయండి" అన్నది కొత్త కోరిక. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు చేరే గీత. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఆ గీత నుంచి 30 మీటర్ల బఫర్ అని 2012 నాటి జీవో 168 చెప్తుంది. ఆ గీత ఎక్కడుందో తేల్చాల్సింది ఇరిగేషన్, రెవెన్యూ సర్వే. ఎండాకాలంలో నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో చూసి నేను గీసేది కాదు.

అలాగని నాకెందుకులే అనుకోవడమూ తప్పే. ప్రహరీకి ఇన్ని మీటర్లలో చెరువుంది, కింది పోర్షన్‌లో అద్దెకున్నారు, గోడమీద రోడ్డు వెడల్పు మార్కు ఉంది: ఇవన్నీ రాయాలి, ధర మీద వాటి ప్రభావం కూడా రాయాలి. కళ్ళతో చూసింది వేరు, పూచీ పడటం వేరు. కింద చిన్న అక్షరాల్లో డిస్‌క్లెయిమర్ ఉందిలే అనే ధైర్యమూ పనికిరాదు. కంపెనీల చట్టం కింద 2017లో వచ్చిన వాల్యుయర్ల రూల్స్ ఆ సంగతి సూటిగానే చెప్పాయి: పరిమితులు వివరించుకోవచ్చు గానీ, బాధ్యత తగ్గించుకోవడానికి వాటిని వాడకూడదు. బ్యాంకు తాకట్టు పనికి ఆ రూల్స్ నేరుగా వర్తించకపోయినా, మాట మాత్రం న్యాయమైనదే.

కొత్తగా ప్యానల్‌లో చేరుతున్న పిల్లలకు ఒక మాట. మన పని కాని గడిని ఖాళీగా వదలొద్దు, తర్వాత ఎవరైనా నింపగలరు. "నా పని పరిధిలోది కాదు, లీగల్ రిపోర్టు చూడండి" అని రాసి, ప్రతి పేజీమీదా సంతకం పెట్టి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.