పంపిన వేళ పాకెట్‌లోనే

సర్వరు పలకడం లేదంటే ఏ ఆఫీసులోనైనా మొదట వినబడే మాట "పింగ్ కొట్టి చూడు". రోజూ కొట్టేవాళ్లమే గానీ, దాని లోపలి కోడ్ తెరిచి చూసేవాళ్లం తక్కువ. తెరిస్తే మాత్రం ఒక పట్టాన మూయబుద్ధి కాదు.

1983 డిసెంబరులో దాన్ని రాసినవాడు మైక్ మూస్. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం, ఆబర్డీన్‌లోని సైన్యపు బాలిస్టిక్ పరిశోధన ప్రయోగశాలలో పనిచేసేవాడు. అక్కడి నెట్‌వర్క్ ఎందుకో తిక్కతిక్కగా నడుస్తోంది. ఆ జులైలో నార్వేలో డేవ్ మిల్స్ ఎకో పాకెట్లతో దారిలో పట్టే సమయాన్ని కొలవడం గురించి చెప్పిన మాటలు మూస్‌కు గుర్తొచ్చాయి. ఒక సాయంత్రం కూర్చుని వెయ్యి వరుసల్లో రాసేశాడు. కెర్నల్‌లో అందుకు కావలసిన వీలు లేకపోతే అదీ తనే చేర్చుకున్నాడు. పేరు సోనార్ చేసే చప్పుడుది.

మామూలుగా మనం రాస్తే ఏం చేస్తాం? పంపిన ప్రతి పాకెట్ నంబరూ, పంపిన టైమూ ఒక పట్టికలో పెట్టుకుంటాం. జవాబు రాగానే పట్టికలో వెతుకుతాం. రానివాటిని ఎప్పుడు చెరిపేయాలన్నది మళ్లీ ఇంకో తలనొప్పి. మూస్ టైము కోసం అసలు పట్టికే పెట్టలేదు. పంపే ముందు గడియారం చూసి, ఆ వేళను పాకెట్‌లోని డేటా మొదటి 8 బైట్లలో రాసేశాడు. ఎకో అడిగినవాడు ఏ డేటా పంపితే అదే డేటాను తిప్పి పంపాలని 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ రాసిన ఐసీఎంపీ ప్రొటోకాల్‌లో ఉంది. ఆ ఒక్క నియమం మీద మూస్ తన ప్రోగ్రామంతా నిలబెట్టాడు. కార్డు మీద పోస్టు చేసిన వేళ మనమే రాసి పంపితే, అవతలివాళ్లు అదే కార్డు తిరుగు టపాలో వేసినట్టు. కార్డు చేతికందగానే ఇప్పటి టైములోంచి దాని మీదున్న టైము తీసేస్తే లెక్క తేలిపోతుంది. ఏ కార్డు ఎప్పుడు వేశామో గుర్తుపెట్టుకునే పనే లేదు.

రెండుసార్లూ చూసింది మన గడియారమే కాబట్టి, అవతలి మెషీన్ గడియారం గంట వెనకున్నా మనకు ఇబ్బంది లేదు. ఇన్నేళ్లుగా కోడ్ రాస్తున్నా, ఈ చోటుకు వచ్చినప్పుడల్లా నా చేతులు కీబోర్డు మీద ఆగిపోతాయి.

పంపడానికీ అందుకోవడానికీ ముడిపెట్టకపోవడం మరో నేర్పు. సెకనుకోసారి అలారం మోగుతుంది, ఒక పాకెట్ వెళ్తుంది. ప్రోగ్రాము మిగతా సమయమంతా జవాబుల కోసం చెవులు రిక్కించి కూర్చుంటుంది. మూడోది రాకముందే నాలుగోది బయల్దేరుతుంది, ఆలస్యంగా వచ్చిన మూడోదీ లెక్కలోకి వస్తుంది. అదే మెషీన్‌లో ఇంకెవరో పింగ్ నడుపుతుంటే వాళ్ల జవాబులూ మన సాకెట్‌లో పడతాయి. అందుకే ప్రతి పాకెట్‌లో ప్రాసెస్ నంబరు కూడా ఉంటుంది. తనది కాని జవాబును ప్రోగ్రాము చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది.

జవాబు రాకపోతే పాత పింగ్ ఏమీ అనదు. సర్వరు చచ్చిందనీ, దారి తెగిందనీ తీర్పు చెప్పదు. వరుసలో నంబరు ఒకటి దాటిపోతుందంతే. చివర్లో ఎన్ని పంపిందో, ఎన్ని అందాయో, ఎంత శాతం పోయాయో చెప్పి ఊరుకుంటుంది. మన అప్లికేషన్లలో ఈ నిగ్రహమే కరువు. పింగ్ రాలేదు కాబట్టి సర్వరు లేదని రాసేస్తాం. ఆ దారిలో ఏదో ఫైర్‌వాల్ ఐసీఎంపీని మింగేస్తూ ఉండొచ్చు, వెబ్‌సైట్ మాత్రం హాయిగా నడుస్తూ ఉండొచ్చు.

జావాలో ఈజ్‌రీచబుల్ అనే మెథడ్ ఉంది. ఎకో పాకెట్ పంపే అనుమతి దొరకకపోతే అది 7వ పోర్టుకు టీసీపీ కనెక్షన్ అడిగి చూస్తుంది. అక్కడ వినేవాళ్లెవరూ లేక అవతలి మెషీన్ కనెక్షన్‌ను తిరస్కరించిందనుకోండి, మెథడ్ దాన్ని ఓటమిగా తీసుకోదు, మెషీన్ అందుబాటులో ఉందనే చెబుతుంది. "తలుపు తీయను పో" అని లోపలి నుంచి ఎవరో అన్నారంటే ఇంట్లో మనిషి ఉన్నట్టేగా! రాసినవాళ్లు కుదురుగా ఆలోచించారు. అయినా మనకు కావలసింది ఫలానా సర్వీసైతే నేరుగా ఆ సర్వీసునే అడగడం మేలు. ముందు నెట్ ఉందా అని చూసి తర్వాత రిక్వెస్ట్ పంపితే, ఆ రెండింటి మధ్యలోనే నెట్ పోవచ్చు.

స్టేషన్లో వైఫై తగిలించగానే ఆండ్రాయిడ్ ఫోను గూగుల్‌ను ఒక చిన్న పేజీ అడుగుతుంది. రావాల్సిన జవాబు 204, అంటే "అందింది, ఇవ్వడానికేమీ లేదు". దానికి బదులు లాగిన్ పేజీయో, మరో చోటికి పొమ్మన్న సూచనో వస్తే మధ్యలో ఇంకెవరో పలికారని తెలిసిపోతుంది. అప్పుడే ఫోను సైన్ ఇన్ చేయమంటుంది. ఖాళీ జవాబును గుర్తుగా ఎంచుకున్నవాళ్లకు దండం పెట్టాలి.

పింగ్ గురించి తను విన్న కథల్లో మూస్‌కు బాగా నచ్చింది ఒకటుంది. ఒక అడ్మినిస్ట్రేటర్ దగ్గర ఈథర్‌నెట్ ఉండుండి తెగిపోతోంది. అతను పింగ్ ఫలితాన్ని కంప్యూటర్‌ చేత పలికించే ఏర్పాటు చేసి, ఆఫీసు స్టీరియోకు కలిపి, భరించగలిగినంత శబ్దం పెట్టాడు. సెకనుకోసారి "పింగ్, పింగ్" అని అరుస్తోంది. అతను బిల్డింగంతా తిరుగుతూ ఒక్కో కనెక్టరునూ కదిపి చూశాడు. ఒక చోట చెయ్యి వేయగానే అరుపు ఆగిపోయింది.