ఎస్‌డీ-వాన్, అనుసంధాన పరికరాలు: విమర్శనాత్మక పరిశీలన

ఒక సంస్థకు వేర్వేరు ఊళ్లలో శాఖలు ఉన్నప్పుడు వాటిని కలిపేది వైడ్ ఏరియా నెట్‌వర్క్ అని ముందు భాగంలో చదివారు. అద్దె లైను, బ్రాడ్‌బ్యాండ్, 4జీ వంటి దారులన్నింటినీ ఒకే కేంద్ర నియంత్రణ కిందికి తెచ్చి, ఏ సమాచారం ఏ దారిన వెళ్లాలో సాఫ్ట్‌వేర్ చేత నిర్ణయింపజేసే పద్ధతే ఎస్‌డీ-వాన్. సెన్సార్లు, కెమెరాలు, మీటర్లు పెరిగిన వ్యాపారాలకు ఇదే పరిష్కారమని అమ్మకందారులు చెబుతారు. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో పూడిమడకను ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాం.

ఉదాహరణ నేపథ్యం

పూడిమడక అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మండలంలోని మత్స్యకార గ్రామం. ఇక్కడ ఎన్టీపీసీ గ్రీన్ ఎనర్జీ తలపెట్టిన గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ ఉత్పత్తి దాని లక్ష్యం. హైడ్రోజన్‌కు రంగు, వాసన లేవు. గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఎంత కలిసినా అంటుకుంటుంది. కాబట్టి లీకును మనిషి కంటే ముందు సెన్సారే పసిగట్టాలి. అచ్యుతాపురం సెజ్‌లో 2024 ఆగస్టు 21న ఒక ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడులో 17 మంది మరణించారు. ఇలాంటి చోట సెన్సార్ల నెట్‌వర్క్ ఎలా ఉండాలన్నది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న.

ఒప్పుకోవలసిన మేలు

మొదటిది ప్రాధాన్యక్రమం. కెమెరా దృశ్యాలు లైనును నింపేస్తున్నా, చిన్న సెన్సారు సందేశాన్ని ముందు పంపమని ఎస్‌డీ-వాన్‌లో నియమం పెట్టవచ్చు. రెండవది విభజన. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం, మార్చని పాస్‌వర్డులున్న కెమెరాల వంటి పరికరాలను లొంగదీసుకొని పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. పరికరాలను ఖాతాల కంప్యూటర్ల నుంచి వేరుచేసి, ఆ విభజనను అన్ని శాఖల్లో ఒకేసారి అమలు చేయడం ఎస్‌డీ-వాన్‌తో సులువవుతుంది. అయితే బలహీనమైన పాస్‌వర్డును అది సరిచేయలేదు.

పరిమితులు

గూగుల్ తన డేటా కేంద్రాలను కలిపే నెట్‌వర్క్‌ను ఇలాంటి కేంద్ర నియంత్రణతో నడిపిన అనుభవాన్ని 2013లో ప్రకటించింది. అక్కడ దారులకు కొదవ లేదు. తీరప్రాంత పరిస్థితి వేరు. ఎస్‌డీ-వాన్ ఉన్న దారుల్లో మంచిదాన్ని ఎంచుకుంటుంది, లేని దారిని సృష్టించలేదు. రాష్ట్ర ఫైబర్‌నెట్ తీగలు చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే సాగుతాయి. 4జీ టవరు కూడా అదే ఫైబరు మీద, అదే కరెంటు మీద ఆధారపడి ఉంటే, కాగితం మీద రెండు దారులు కనిపించినా నేల మీద ఉన్నది ఒక్కటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు కరెంటు, ఫోన్లు కలిసే పోయాయి.

రెండవ పరిమితి ఇంకా ముఖ్యమైనది. లీకును గుర్తించిన సెన్సారు సందేశం దూరాన ఉన్న సర్వరుకు వెళ్లి, అక్కడి నుంచి ఆజ్ఞ తిరిగి వచ్చాకే వాల్వు మూతపడేలా అమర్చారనుకోండి. దారి తెగిన క్షణంలో ఆ రక్షణ ఉండదు. సైరను మోగడం, వాల్వు మూతపడటం ఆవరణలోనే, బయటి నెట్‌వర్క్ ప్రమేయం లేకుండా జరిగిపోవాలి. కేంద్ర కార్యాలయానికి వెళ్లవలసింది ఆ సంగతి తెలిపే సమాచారం మాత్రమే.

అంచనా

ఎస్‌డీ-వాన్ పర్యవేక్షణకు మంచి సాధనం, ప్రాణరక్షణకు మాత్రం ఆధారం కాకూడదు. దానిని వేగంతో, ఖర్చుతో మాత్రమే కొలిచే వివరణలు మీకు చాలా ఎదురవుతాయి. వాటిని చదివేటప్పుడు ఒక ప్రశ్న వేయండి: అన్ని దారులూ తెగిన గంటలో ఏ పరికరం తన పని తాను చేయగలదు? దానికి జవాబు ఇవ్వని వివరణ అసంపూర్ణం.

అభ్యాసం: మీ ఊళ్లోని ఒక బ్యాంకు శాఖ లేదా శీతల గిడ్డంగిని తీసుకొని, అక్కడి రెండు ఇంటర్నెట్ దారులు నిజంగా వేర్వేరేనా అన్నది 10 వాక్యాల్లో చర్చించండి.